పై షడ్జం

పద్యనాటకానికి వచ్చినవాళ్ళలో సగంమంది నాలుగో పాదం తర్వాత వచ్చే రాగం కోసమే వస్తారు. నటుడు రాగం ఎత్తుకుంటాడు, హార్మోనియం వెంట నడుస్తుంది, గొంతు పై షడ్జం దాటి ఇంకా పైకి పోతుంటే జనం ‘వన్స్ మోర్’ అంటూ లేచి నిలబడతారు. ఆ ఘడియంటే నాకూ ప్రాణమే. కానీ ఆ చప్పట్ల కోసమే ఎన్నో మంచి గొంతులు నలిగిపోయాయి.

మైకులు లేని రోజుల్లో హెచ్చు శ్రుతి అవసరం. తెల్లవార్లూ సాగే నాటకంలో చిట్టచివరి చాప మీద కూర్చున్నవాడికీ పద్యం వినపడాలి. ఆ అవసరమే మెల్లగా గొప్పగా మారింది. మైకులొచ్చి అవసరం తీరింది గానీ గొప్ప మాత్రం పోలేదు. ఇప్పుడది పిల్లల పాటల పోటీల్లోకి వచ్చి చేరింది. “ఒరిజినల్ స్కేల్‌లోనే పాడించండి మాస్టారూ, తగ్గిస్తే మార్కులు పోతాయట” అని ఒక తల్లి నన్ను బతిమాలింది. పక్కనే ఆ పిల్లవాడు గడ్డం పైకెత్తి, మెడనరాలు ఉబ్బించి, పై పంచమం మీద అరుస్తున్నాడు. స్వరం అందింది, పాట పోయింది.

గొంతులో జరిగేది ఒక్కసారి తెలిస్తే అలా అరవబుద్ధి కాదు. స్వరపేటికలో రెండు చిన్న మడతలుంటాయి. పెద్దవాళ్ళలో కూడా వాటి పొడవు మహా అయితే రెండున్నర సెంటీమీటర్లు. ఒకటో శ్రుతిలో పాడే మగవాడు పై షడ్జం పట్టుకుంటే అవి సెకనుకు 260 సార్లకు పైగా ఒకదాన్నొకటి తాకుతాయి. ఐదో శ్రుతిలో పాడే ఆడవాళ్ళ పై షడ్జానికి 390 సార్లు. స్వరం పెరగాలంటే ఆ మడతలు సాగి పల్చబడాలి. అరిచినప్పుడు అవి బిగుసుకుంటాయి, కింద నుంచి ఊపిరి తోసుకొస్తుంది, తాకిడి దెబ్బగా మారుతుంది. రోజూ అదే పనైతే నాగలి పట్టిన అరచేతిలో లాగా వాటి మీదా కాయలు కాస్తాయి. డాక్టర్లు నాడ్యూల్స్ అనేవి అవే. అవి వచ్చాక గొంతు బొంగురుపోతుంది, మెత్తగా పాడదామన్నా పలకదు.

అందుకే నేను పిల్లలకు ముందు బిగ్గరగా పాడటం మాన్పిస్తాను. పై స్వరానికి బోలెడు ఊపిరి కావాలనుకుంటారు గానీ, కావలసింది దాన్ని పట్టి వదలడం. పక్కటెముకలు విచ్చుకుని ఉండాలి, భుజాలు లేవకూడదు, గడ్డం మామూలుగా ఉండాలి. పెదవులు మూసి హుంకారంతో కింది షడ్జం నుంచి పై షడ్జం దాకా జారుతూ వెళ్ళి, జారుతూ దిగమంటాను. సన్నని స్ట్రాలోంచి అదే చేయిస్తాను. బయటికి పోయే గాలికి కాస్త అడ్డుంటే మడతలు తక్కువ దెబ్బతో పలుకుతాయి. ఆ తర్వాతే అకారం, ఆ తర్వాతే హెచ్చు స్థాయి వరుసలు. పాత గురువులు తెల్లవారుజామున మంద్రస్థాయి సాధన చేయించింది ఊరికే కాదు. కింది స్వరాల్లో గొంతు వదులుగా ఉండటం అలవాటైతే, పైన బిగిసినప్పుడు తేడా వెంటనే తెలుస్తుంది.

అచ్చుల సంగతి మీద నాకు మక్కువ ఎక్కువ. పై స్వరం మీద ‘ఈ’ పడితే నోరు సన్నమై గొంతు పట్టేస్తుంది. లోపల కాస్త ‘ఎ’ వైపు తెరిస్తే వదులవుతుంది, వినేవాళ్ళకు ‘ఈ’గానే వినిపిస్తుంది. ‘బావా’, ‘రాజా’ లాంటి సంబోధనతో ముగిసే పద్యాలకు రాగం అంత సుఖంగా సాగడంలో చివరి ఆకారానికీ పాలు ఉందని నా నమ్మకం.

శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి రికార్డులు పిల్లలకు వినిపిస్తాను. మూడు స్థాయిల్లోనూ తిరిగే గొంతు ఆయనది. పైకి వెళ్ళేకొద్దీ ఆయన శబ్దం పెంచరు, సన్నబరుస్తారు. తారస్థాయి అంటే బలప్రదర్శన కాదని చెప్పడానికి నాకు అంతకంటే మంచి పాఠం దొరకలేదు.

నొప్పి పుడితే ఆ పూటకు పాట ఆపాలి. మొద్దుబారించే బిళ్ళలు చప్పరించి పాడితే దెబ్బ తగులుతున్నా తెలియదు. రెండు మూడు వారాలైనా బొంగురు తగ్గకపోతే కషాయాలతో కాలయాపన చెయ్యక గొంతు డాక్టరుకు చూపించాలి. ఇక గొంతు మారే వయసు మగపిల్లలున్నారు. స్వరపేటిక నెలల్లో పెరిగిపోయే ఆ రోజుల్లో నిన్నటి శ్రుతి ఇవాళ అందదు. తగ్గించి పాడించాలి, అవసరమైతే మళ్ళీ తగ్గించాలి. ఆ పిల్లలను పాత శ్రుతిలోనే పాడమని పట్టుబట్టే పెద్దలను చూస్తే నాకు కోపం వస్తుంది.

పోటీలు పెట్టేవాళ్ళకు నాదొక్కటే విన్నపం. తాళానికి మార్కులేయండి, భావానికి వేయండి, ఉచ్చారణకు వేయండి. శ్రుతి మాత్రం పాడే బిడ్డనే ఎంచుకోనివ్వండి.