నాలుగు వేళ్ల వదులు

పెరిగే పిల్లలకు బట్టలు కుట్టించేటప్పుడు టైలరుతో మనం ఏమంటాం? "నాలుగు వేళ్లు వదులు పెట్టు నాయనా, వచ్చే ఏడాదికీ రావాలి" అంటాం. గౌను అంచు లోపలికి మడిచి కుట్టిస్తాం. చెప్పులు ఒక సైజు పెద్దవే కొంటాం. ఈ మాత్రం పొదుపు తెలియని ఇల్లాలు ఏ వాడలోనూ ఉండదు. కానీ ఈ తెలివి పనికిరాని చోటు ఒకటుంది. అది కారులో పిల్లలకు బిగించే సీటు.

మొన్న ధర్పల్లిలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. ఆమె మనవరాలు ఏడాది పిల్లతో హైదరాబాదు బయల్దేరుతోంది. కారు వెనక సీట్లో, పిల్ల మొహం వెనక్కి ఉండేలా బిగించిన బుల్లి సీటు చూసి అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది.

"చిలుకను పంజరంల వెట్టినట్టు గీ కట్లేంది బిడ్డా? నలుగుర్ని ఒళ్లెనే వెట్టుకొని తిప్పిన. ఎవలికేమైంది?"

ఏమీ కాలేదు, నిజమే. అత్తయ్య తిరిగింది ఎడ్లబండి మీద. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరుకు బళ్లు బారులు తీరిన రోజులవి. ఆ ఫ్యాక్టరీయే 2015లో మూతపడింది. ఇప్పుడు హైదరాబాదు ప్రయాణమంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద పరుగు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నయినా గుద్దుకుని ఆగిపోతే, కట్టు లేని పిల్లకు తగిలే దెబ్బ సుమారు 10 మీటర్ల ఎత్తునుంచి పడ్డంత. అంటే మూడంతస్తుల మేడ! ఎంత ప్రేమగల చేతులైనా అప్పుడు పట్టు నిలపలేవు. పోనీ, ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు వేసుకుంటేనో? తల్లి బరువంతా పిల్లమీదే పడుతుంది.

మరి ఏ సీటు కొనాలి? వయసొక్కటే కాదు, ఎత్తూ బరువూ చూసుకోవాలి. పసిపిల్లకు తల బరువు, మెడ లేత. వెనక్కి తిరిగిన సీటయితే దెబ్బను వీపంతా పంచుకుంటుంది. ఐరోపా కొత్త నియమాల్లో కనీసం 15 నెలలదాకా అంతే. సీటు మీద రాసిన కొలత దాటేదాకా అలాగే ఉంచితే ఇంకా మేలు. అయితే ముందు, ఎయిర్‌బ్యాగు ఎదురుగా మాత్రం దాన్ని బిగించకూడదు. తర్వాత ముందుకు చూసే సీటు, అయిదు చోట్ల పట్టే పట్టీలతో. అదీ చాలనప్పుడు బూస్టరు సీటు. పిల్ల సుమారు 4 అడుగుల 9 అంగుళాలు ఎదిగేదాకా అది ఉండాలి. పెద్దల బెల్టు మెడకీ పొట్టకీ కాక, భుజం మీదా తుంటి ఎముకల మీదా పడితేనే పిల్ల దానికి ఎదిగినట్టు.

"పెరుగుతుందిగా" అని ముందే పెద్ద సీటు కొంటే పట్టీలు వదులైపోతాయి. భుజం దగ్గర పట్టీని చిటికెతో పట్టుకుంటే మడత దొరక్కూడదు. "మావాడు అప్పుడే బూస్టరులో కూర్చుంటున్నాడు" అని మురిసిపోయే తల్లులున్నారు. ఈ బడిలో డబుల్ ప్రమోషన్ మంచిది కాదమ్మా!

ఇంత చెప్పినా వినని శ్రీవార్లుంటే చట్టం చెప్పండి. 2019 సవరణ ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లకు బెల్టుగానీ తగిన సీటుగానీ లేకపోతే జరిమానా 1,000 రూపాయలు. కొందరికి భౌతికశాస్త్రం కంటే పర్సు తొందరగా అర్థమవుతుంది.

ప్రతి పుట్టినరోజుకీ పిల్లను గోడకానించి నిలబెట్టి పెన్సిలుతో గీత గీస్తాం కదా! ఆ రోజే కారు సీటు మీది కొలత కూడా ఓసారి చదవండి. గీత పైకి జరిగితే సంతోషం. సీటు మార్చే వేళ వచ్చిందో లేదో గీతే చెబుతుంది.