క్రియ తెలియడమంటే

ఇంగ్లీషు పాఠం చెప్పేవాళ్ళం టెన్సుల మీద ఎంతో కష్టపడతాం. క్రియకు మాత్రం అర్థం చెప్పి ముందుకు వెళ్ళిపోతాం. 'వాంట్' అంటే కోరుకోవడం, 'ఎంజాయ్' అంటే ఆనందించడం. ఆ అర్థాలు ఎంత బాగా తెలిసినా, 'వాంట్ టు స్విమ్' అనాలనీ, 'ఎంజాయ్ స్విమ్మింగ్' అనాలనీ వాటి నుంచి పిల్లలకు తెలియదు. తన వెంట ఏ రూపాన్ని రానిస్తుందో తెలిసినప్పుడే క్రియ తెలిసినట్టు. ఈ సంగతి నాకు పాఠాలు చెబుతుండగానే బోధపడింది.

దీన్ని నిఘంటువులోకి ఎక్కించినవాడు ఎ.ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు బోధిస్తూ గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి ఆయన కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ దాన్ని మళ్ళీ అచ్చువేసింది. మన ఇళ్ళలో కనిపించే అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ దాని నుంచి వచ్చిందే. ఏ క్రియ ఏ వాక్యనిర్మాణంలో ఇముడుతుందో అందులో గుర్తులు వేసి చూపారు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్ళకు ఆ గుర్తులతో పనిలేదు. ఇంగ్లీషును పరాయిభాషగా నేర్చుకునేవాళ్ళ మధ్య బతికిన గురువు కాబట్టే ఆయనకు ఆ అవసరం కనబడింది. అందుకే ఆయనంటే నాకు గౌరవం.

ఇదంతా బట్టీ పట్టాల్సిందేనా అంటే, పూర్తిగా కాదు. 'టు' చాలాచోట్ల ఇంకా జరగని పని వైపు చూస్తుంది, 'ఇంగ్' జరిగిన పని వైపు. 'రిమెంబర్డ్ టు లాక్' అంటే మరిచిపోకుండా తాళం వేశాను. 'రిమెంబర్ లాకింగ్' అంటే తాళం వేసిన సంగతి గుర్తుంది. ఈ జంట విప్పి చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. అయితే ఆ సూత్రాన్ని గట్టిగా పట్టుకోలేం. 'కన్సిడర్' జరగబోయే పని గురించే మాట్లాడుతుంది, అయినా 'ఇంగ్' కావాలంటుంది. 'మేనేజ్డ్' జరిగిపోయిన పనిని చెబుతుంది, అయినా 'టు' అడుగుతుంది. అర్థం దారి చూపుతుంది గానీ చివరిదాకా తోడు రాదు. ఆ మిగిలిన దూరం వాడుకతో నడవాల్సిందే.

'ఎక్స్‌ప్లెయిన్ మీ' అన్న మాట మన దగ్గర ఎందుకంత సహజంగా వస్తుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. తెలుగులో 'నాకు చెప్పు', 'నాకు వివరించు' రెండూ ఒకే తీరు. ఇంగ్లీషులో 'టెల్ మీ' కుదురుతుంది. 'ఎక్స్‌ప్లెయిన్' మాత్రం మధ్యలో 'టు' లేనిదే మనిషిని దగ్గరికి రానివ్వదు.

ఇది ఇంగ్లీషు పెంకితనం అనుకోవడం అన్యాయం. మన క్రియలూ అంతే. 'రాయసాగాడు' అంటాం, 'రాయడం మొదలుపెట్టాడు' అంటాం. అర్థం దాదాపు ఒకటే, ముందుండే రూపం వేరు. 'రాయడం సాగాడు' అని ఎవరూ అనరు. 'రాయాలని అనుకున్నాడు' సరే, 'రాయాలని నేర్చుకున్నాడు' అంటే రాయడం నేర్చుకున్నాడన్న అర్థం రాదు. 'వస్తానని మాటిచ్చాడు' అంటాం. అదే పనికి ఇంగ్లీషు 'ప్రామిస్డ్ టు కమ్' అనగలదు. ఈ కట్టుబాట్లేవీ మనకు ఎవరూ నేర్పలేదు, అందుకే అవి ఉన్నట్టే తోచదు.

ఇప్పుడు ఈ పాఠానికి ముందు తెలుగు వాక్యాలే బోర్డు మీద రాస్తాను, కుదిరేవీ కుదరనివీ కలిపి. కుదరనిది చదవగానే పిల్లలు గొల్లున నవ్వుతారు. ఎందుకు కుదరలేదో చెప్పమంటే తడుముకుంటారు. అప్పుడు దాని పక్కనే 'ఎంజాయ్ టు స్విమ్' రాస్తాను.