ముక్కాలి మీద దుర్భిణి

కేజీఎఫ్‌లో గనులు 2001లో మూతపడ్డాయి. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక మామ తుపాకి అప్పగించేశాడు. కనుక ఈ ముచ్చట ఇప్పుడు చెప్పినా తప్పులేదు.

మా నాయన గనిలో డ్రిల్లింగు మిషను పట్టినవాడు. ఏళ్ళ తరబడి ఆ అదురుకు చేతులు వణికేవి. గురి కుదరదు. అందుచేత ఆదివారాలు కామసముద్రం అడవిలో తుపాకి మామది, చూపు నాయనది, మోత నాది.

ఏడు రెట్లు పెంచి చూపే దుర్భిణి చేతి వణుకునూ ఏడు రెట్లు చేస్తుంది. నాయన సర్వేవాళ్ళ పాత ముక్కాలి స్టాండు సంపాదించి, దానికి దుర్భిణిని సైకిలు ట్యూబుతో బిగించాడు. ఇక చూడండి, చెట్టూ పుట్టా పటం కట్టినట్టు నిలిచిపోయేవి! "జింకను వెతక్కురా, చెవి కదలడం వెతుకు" అనేవాడు. గట్టు ఈ కొసనుంచి ఆ కొసదాకా, జానెడు జానెడుగా.

1966 వేసవిలో ఒక పొద్దున చాలాసేపు ఒకేచోట చూసి, మాట్లాడకుండా నన్ను పిలిచాడు. కళ్ళు ఆనించాను. తంగేడు పొద నీడలో జింక. దాని పొట్ట కింద పిల్ల, పాలు తాగుతోంది.

"ఏమన్నా ఉందా బావా?" అన్నాడు మామ.

"ఏమీ లేదు, పద" అన్నాడు నాయన, ముక్కాలి మడుస్తూ.

ఆ రాత్రి సంగటిలోకి పప్పే.