ప్రింటర్ పాడవలేదు, ఎండిపోయింది

ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ గీతలు గీతలుగా అచ్చేస్తే పాడైపోయిందనుకుని కొత్తది కొనేస్తుంటారు. చాలాసార్లు అది పాడవలేదు, వాడక ఎండిపోయిందంతే. సిరా చిమ్మే హెడ్‌లోని రంధ్రాలు (నాజిళ్లు) వెంట్రుక కన్నా సన్నం, సిరాలో ఎక్కువ భాగం నీళ్లే. నెలల తరబడి ముట్టుకోకపోతే, అందులోనూ మన మే నెల ఎండల్లో, ఆ నీరు ఆవిరై రంగు అక్కడే గడ్డకడుతుంది. హెడ్ క్లీనింగ్ నొక్కితే సరిపోదా అంటారు. సరిపోవచ్చు, కానీ అది సిరాను గుంజి లోపలి స్పాంజిలో పారబోస్తుంది. అందుకే పదిసార్లు నొక్కకుండా, ఒకటి రెండుసార్లు చేసి, కొన్ని గంటలు ఆగి నాజిల్ చెక్ పేజీ తీసి చూడాలి. అసలు ఎండిపోకుండా ఉండాలంటే వారానికో చిన్న రంగుల పేజీ తీస్తుండాలి. అది దండగ కాదా అనీ అడుగుతారు. క్లీనింగ్ మింగే సిరాతో పోలిస్తే అది చాలా తక్కువ. ఏడాదికి నాలుగు హాల్ టికెట్లు తీసే ఇంటికైతే లేజర్ ప్రింటరే నయం. అందులోని టోనర్ పొడి, ఎండిపోదు.