డూమ్ పాత్ర ఎవరికివ్వాలి? మా రూమ్‌లో రెండు వారాల గొడవ



చాలా రోజుల తర్వాత మా రూమ్ నుంచి పోస్ట్ పెడుతున్నాం. స్కాలర్‌షిప్ రాలేదనో, సాంబారు నీళ్లలా ఉందనో రాస్తున్నాం అనుకుంటారేమో. కాదు, ఈసారి సినిమా గురించి. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి. చివర్లో మేము ఒప్పుకోవాల్సిన తప్పు ఒకటుంది.

మా రూమ్‌లో నలుగురం. ఒకరు ఏటూరునాగారం వైపు కోయ, ఒకరు ఉట్నూరు వైపు గోండు, ఒకరు మహబూబాబాద్ దగ్గర తండా నుంచి వచ్చిన లంబాడా. నాలుగో తమ్ముడు ఎరుకల, పోయిన ఏడాది మధ్యలో వచ్చి చేరాడు. నలుగురి ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. నలుగురికీ మార్వెల్ సినిమాల పిచ్చి. ఒక్క ఫోన్‌ని గోడకి ఆనించి, మంచం మీద వరసగా బోర్లా పడుకుని చూస్తాం.

అట్లనే 2025లో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్: ఫస్ట్ స్టెప్స్’ కూడా చూశాం. పేర్లు పడుతుంటే మధ్యలో ఒక సీన్ వస్తుంది. ఆకుపచ్చ ముసుగు కప్పుకున్న మనిషి పిల్లాడి ముందు ఉంటాడు, చేతిలో ఇనుప మాస్క్. ముఖం చూపించరు. అతనే డాక్టర్ డూమ్. 1962లో స్టాన్ లీ, జాక్ కిర్బీ పుట్టించిన విలన్. మార్వెల్ కామిక్స్‌లో అంతకంటే పెద్ద విలన్ లేడని చాలామంది ఫ్యాన్స్ మాట.

గొడవ అక్కడ మొదలైంది. ఆ పాత్ర వేస్తున్నది రాబర్ట్ డౌనీ జూనియర్. 2024 జులైలో శాన్ డియాగో కామిక్ కాన్ స్టేజీ మీద మాస్క్ తీసి ఆయనే తన ముఖం చూపించాడు. 2008 నుంచి 2019 దాకా టోనీ స్టార్క్‌గా మనందరం చూసిన ముఖం అది. చనిపోయినప్పుడు మనం ఏడ్చిన హీరో ఇప్పుడు విలన్‌గా వస్తున్నాడు. ‘అవెంజర్స్: డూమ్స్‌డే’ 2026 డిసెంబర్‌లో అని ప్రకటించారు.

మా రూమ్ రెండుగా చీలింది. “ఆ ముఖం చూస్తే టోనీయే గుర్తొస్తడు, భయం ఎట్ల పుడ్తది?” అని ఒకరు. “యాక్టింగ్ వచ్చినోడికి హీరో ఏంది, విలన్ ఏంది” అని ఇంకొకరు. “టికెట్లు తెగడానికి పాత హీరోని పట్టుకొచ్చిన్రు, అంతే” అని మూడో మాట. “అసలు డూమ్ మాస్క్ తియ్యనే తియ్యడు గదా, లోపల ఎవడుంటే ఏంది?” అన్నాడు గోండు అన్న. ఆ మాటకి కాసేపు ఎవరి దగ్గరా జవాబు లేదు. భోజనాల లైన్లో, బట్టలు ఉతికే దగ్గర, బస్సులో, ఎక్కడ పడితే అక్కడ ఇదే ముచ్చట.

గెలవాలనే పట్టుదలతో డూమ్ అసలు కథ వెతికి చదివాం. 1964లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్ రెండో వార్షిక సంచికలో అతని పుట్టుపూర్వోత్తరాలు చెప్పారు. అది చదివాక మా గొడవ వేరే దారి పట్టింది.

డూమ్ రోమానీ పిల్లాడు. యూరప్‌లో ఊరూరా తిరుగుతూ, ఊరి బయట డేరాలు వేసుకుని బతికినవాళ్లని బయటివాళ్లు ‘జిప్సీలు’ అన్నారు. వాళ్లలో చాలామందికి ఆ పేరు తిట్టులాగే వినిపిస్తుంది. డూమ్ తండ్రి మూలికలు తెలిసిన వైద్యుడు. లాట్వేరియా అనే కల్పిత దేశంలో అక్కడి జమీందారు తన భార్యకి వైద్యం చెయ్యమని ఆయన్ని పిలిపిస్తాడు. ఆమె జబ్బు నయం కానిది, చనిపోతుంది. నేరం వైద్యుడి మీద పడుతుంది. చిన్న కొడుకుని తీసుకుని రాత్రికి రాత్రి కొండల్లోకి పారిపోతాడు. మంచులో తన బట్టలు కొడుక్కి కప్పి, తాను చలికి చనిపోతాడు. తల్లి అప్పటికే లేదు. ఆమెని మంత్రగత్తె అన్నారు.

ఇది చదివినప్పుడు మా రూమ్‌లో ఎవరూ మాట్లాడలేదు. ఆకు పసరు తెలిసిన ముసలమ్మ మీద ఊళ్లో జ్వరాలన్నీ వేసి, మంత్రాలు చేసిందని నిందించిన కథలు మనకి కొత్తవా? ఇంట్లో పెద్దవాళ్లు గొంతు తగ్గించి చెప్పుకోగా విన్నవే.

తర్వాతి భాగం ఇంకా దగ్గరగా తగిలింది. ఆ పిల్లాడు తెలివైనవాడని విని అమెరికా నుంచి ఒక యూనివర్సిటీ పెద్దాయన వచ్చి స్కాలర్‌షిప్ ఇస్తాడు. డేరాలోంచి నేరుగా కాలేజీ. అక్కడ రీడ్ రిచర్డ్స్ అనే కుర్రాడు ‘ఇద్దరం ఒకే రూమ్‌లో ఉందాం’ అని అడిగితే డూమ్ కాదంటాడు. తర్వాత తన లెక్కల్లో తప్పుందని అదే రీడ్ చెప్పినా వినడు. మెషిన్ పేలి ముఖం కాలుతుంది, కాలేజీ నుంచి వెళ్లగొడతారు.

స్కాలర్‌షిప్ మీద వచ్చి, ఎవర్నీ నమ్మక, ఎవరైనా తప్పు చూపిస్తే అవమానంగా భావించి, తలుపేసుకుని ఒక్కడే కూర్చునే పిల్లాడు మనకి తెలియనివాడా? ఫస్టియర్‌లో మేమంతా ఎంతో కొంత వాడే. క్లాసులో డౌట్ అడిగితే నవ్వుతారని అడగక, సబ్జెక్ట్ పోగొట్టుకున్నవాళ్లం కూడా ఉన్నాం.

ఇంకోటి చెప్పాలి. రోమానీ భాషకి మూలం మన దేశంలోనే అని భాషా శాస్త్రవేత్తలు అంటారు. వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కిందట ఇక్కణ్నుంచి వెళ్లారట. వాళ్ల అంకెలు యెక్, దూయ్, త్రిన్, ష్టార్, పంజ్ అని చదువుతుంటే మా లంబాడా తమ్ముడు లేచి కూర్చున్నాడు. “ఏక్, ది, తీన్, చార్, పాంచ్. మా అమ్మ లెక్క పెట్టినట్టే ఉంది గదనే!” అన్నాడు. నీళ్లని వాళ్లూ పానీ అనే అంటారు. అంతమాత్రాన వాళ్లూ లంబాడాలూ ఒక్కటే అని మేము అనట్లేదు, ఆ తేడా తెలుసు. కానీ ఎక్కడో యూరప్‌లో ఉన్నవాళ్ల అంకెలు మా రూమ్‌లో అర్థమయ్యాయి. వాళ్ల జెండా మధ్యలో పదహారు ఆకుల ఎర్రచక్రం. హిట్లర్ కాలంలో యూదులతో పాటు వాళ్లనీ లక్షల్లో చంపారు. ఏ పాఠంలోనూ మేము ఇది చదవలేదు.

ఇప్పుడు మళ్లీ సినిమాకి వద్దాం. 2005లో వచ్చిన ఫెంటాస్టిక్ ఫోర్‌లో డూమ్ పెద్ద కంపెనీ ఓనర్. 2015 సినిమాలో కంప్యూటర్ బుర్ర. డేరా లేదు, మూలికల తండ్రి లేడు, మంచులో ఆ రాత్రి లేదు. డౌనీ పేరు ప్రకటించినప్పుడు కూడా కొందరు ఫ్యాన్స్ అడిగింది ఇదే: రోమానీ పాత్ర మళ్లీ రోమానీ కానివాళ్లకేనా? ఆ పాత్రకి సరిపోయే నటుడు ఆ జనంలో ఒక్కడూ లేడా?

లోపల ఎవడుంటే ఏంది అన్న గోండు అన్నే మాట మార్చాడు. “ముఖం కనబడకపోతే కనబడకపాయె. కథ గూడ కనబడకుంట చేసిన్రు గద.” మా ముగ్గురికీ అదే సరైన జవాబు అనిపించింది. గొడవ అయిపోయింది అనుకున్నాం.

అప్పటిదాకా పెద్దగా మాట్లాడని ఎరుకల తమ్ముడు అప్పుడు అడిగాడు. “మంచి పాత్రలన్నీ అయిపోయినయా అన్నా, విలన్ పాత్ర మాకే ఇయ్యాలని కొట్లాడుతున్రు? ఆ విలన్ రోమానీ అని తెరమీద చెప్తే జనం ఏమనుకుంటరు? చూసిన్రా, వీళ్లు ఇట్లనే ఉంటరు అంటరు.”

మాకు వెంటనే జవాబు దొరకలేదు. తమ్ముడు తన ముచ్చట చెప్పాడు. తెల్లదొరల కాలంలో, 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వాళ్లని కూడా పెట్టారు. ఏ తప్పూ చెయ్యకపోయినా, ఆ కులంలో పుట్టినందుకే పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి. స్టువర్ట్‌పురం అట్లా పుట్టిన సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న చట్టం పోయింది, పేరు పోలేదు. స్టువర్ట్‌పురం అనగానే సినిమావాళ్లకి ఇప్పటికీ దొంగే గుర్తొస్తాడు. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ చూశాం కదా.

తర్వాత మెల్లగా అన్నాడు: “మీరు డూమ్ పాత్ర ఎవరికియ్యాలని రెండు వారాల నుంచి మాట్లాడుతున్రు. ఆ రోజు నాకు ఇచ్చిన పాత్ర ఒక్క నిమిషం గూడ ఆలోచించకుంట ఇచ్చిన్రు.”

ఆ రోజు ఏంటో మీకు చెప్పాలి. ఇక్కడ ‘మేము’ అంటే మిగిలిన ముగ్గురమే. తమ్ముడు రూమ్‌లో చేరిన మూడో వారం మాలో ఒకరి ఫోన్ కనబడలేదు. మేము ఎవర్నీ ఏమీ అనలేదు. గట్టిగా ఒక్క మాట కూడా లేదు. కానీ ముగ్గురం ఒకేసారి తమ్ముడి ట్రంకు పెట్టె వైపు చూశాం. మేము అడగకముందే తమ్ముడు జేబులోంచి తాళం తీసి మంచం మీద పెట్టాడు. అలవాటైన పనిలా పెట్టాడు. మేము పెట్టె తెరిచాం. రెండు జతల బట్టలు, పుస్తకాలు, అమ్మ కట్టిచ్చిన పచ్చడి సీసా. ఫోన్ తెల్లారి బాత్‌రూమ్ కిటికీ మీద దొరికింది, పోగొట్టుకున్నవాడే అక్కడ పెట్టి మర్చిపోయాడు. “దొరికింది గదా, పోనీలే” అన్నాం. క్షమించు అనలేదు.

మమ్మల్ని ఊళ్లో, బస్సులో, కాలేజీలో అనుమానంగా చూస్తే మాకు ఎంత కోపం వస్తుందో మీకు తెలుసు. అదే చూపు మేము మా రూమ్‌లో, మా పక్క మంచం మీదవాడి మీద వేశాం. సినిమావాళ్లు ఎవరి ముఖం విలన్‌కి సరిపోతుందో చూసి తీసుకుంటారు. ఆ రోజు మేము చేసింది కూడా అదే.

ఆ రాత్రి తమ్ముడికి క్షమాపణ చెప్పాం. ఆలస్యంగా, ముగ్గురం, తల దించుకుని. “సరేలే అన్నా” అన్నాడు. ఆ ‘సరేలే’ పూర్తిగా సరే కాదని మాకు తెలుసు. తమ్ముడు ఆ ట్రంకుకి తాళం వెయ్యడం మానేశాడు. అది నమ్మకమో, ఇంకోసారి అడగొద్దనో మేము అడగలేదు.

ఇక డూమ్ సంగతి. రోమానీ నటుడికి ఇవ్వాల్సిందే అని ఇప్పుడు ఇద్దరం అంటున్నాం. అన్యాయం జరిగింది కాబట్టి నియంత అయ్యాడు అంటే సరిపోదు, ఆ జనం నుంచి ఒక డాక్టర్, ఒక టీచర్, ఒక మామూలు అమ్మ కూడా తెరమీద ఉండాలి, అప్పుడు విలన్ ఉన్నా ఫర్వాలేదు అని ఇద్దరి మాట. మాకు ఈ రెండో మాటే ఎక్కువ నచ్చుతోంది, కానీ గొడవ ఇంకా తేలలేదు. సినిమా మాత్రం నలుగురం కలిసే చూస్తాం.

మీ హాస్టల్‌లో ఏదైనా పోతే ముందు ఎవరి పెట్టె తెరుస్తారు? డూమ్ గురించి తర్వాత రాయండి, ముందు దీనికి జవాబు రాయండి. మేము మా జవాబు రాశాం.