కాలి కింది చలి

మార్కాపురంలో నేలను వెచ్చబెట్టుకోవడం గురించి మాట్లాడితే వినేవాళ్లు నవ్వుతారు. యెండాకాలం 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో చాప కూడా తీసి అవతల పారేసి, ఉత్త బండల మీద నడుము వాల్చే ఊరు మాది. అయినా పోయిన మార్గశిరంలో మా యింట్లో పది రోజులపాటు నడిచిన చర్చ అదే సుమండీ!

మార్కాపురం కర్నూలు జిల్లాలో వున్న రోజుల్లో, అంటే 1970కి ముందు, మా మామగారు బేతంచర్ల నాపరాళ్లు తెప్పించి యిల్లంతా పరిపించారు. అవి కుంగి, పగిలి, అడుగడుగునా కాలికి తగులుతున్నాయి. అందుకని వాటిని తీయించి టైల్సు వేయిద్దామనుకున్నాం.

ఆ మాట అనుకుంటూ వుండగానే చలి వచ్చింది. మా అత్తగారికి యెనభై మూడేళ్లు. తెల్లవారుజామున లేచి స్నానం చేసి, దేవుడి గదిలో కూర్చోవడం ఆవిడకు పెళ్లయిన నాటినుంచీ అలవాటు. యీసారి మాత్రం, "బండమీద అడుగుపెడితే సూదులు గుచ్చినట్టుందే అమ్మాయీ" అని పొద్దెక్కేదాకా మంచం దిగడం మానేశారు. పూజయితేగాని కాఫీ ముట్టరు. కాఫీ తాగితేగాని బి.పి. మాత్ర వేసుకోరు. ఆరున్నరకు పడవలసిన మాత్ర పది గంటలకు పడుతోంది. డాక్టరు గట్టిగానే హెచ్చరించాడు. యింట్లో చెప్పులు వేసుకోమంటే ఆవిడ వింటారా? దేవుడి గదిలోకి చెప్పులా!

సంగతి ఫోనులో విని, అమెరికాలో మినెసోటాలో వున్న మా అబ్బాయి, "ఎలాగూ నేల తవ్వుతున్నారు గదా, టైల్సు కింద వేడి తీగలు వేయించండి. ఖర్చు నాది" అన్నాడు. వాడి స్నానాలగదిలో అలాగే వుందట. చలికాలంలో అక్కడ సున్నాకు 20 డిగ్రీలు కిందికి కూడా పోతుంది మరి. పైన పరిచింది భారతదేశపు పలకరాయి అని చెప్పి, "మనూరిదే కాబోలమ్మా" అని మురిసిపోయాడు. కావచ్చు. బడిపిల్లల చేతికి పలకలిచ్చిన మా ఊరి రాయి దేశాలు దాటి వెళ్లి, యెవరెవరి గోడలకో, నేలలకో అమరుతూనే వుంది.

యిది కొత్త విద్యేమీ కాదు. పూర్వం రోమనులు స్నానశాలల్లో నేలను చిన్న స్తంభాలమీద నిలిపి, దాని కింద వేడిగాలి ఆడేట్టు చేసేవారు. కొరియావాళ్లు పొయ్యి పొగను బండల కిందుగా పోనిచ్చి గది వెచ్చబెట్టుకునేవారు. నేడు కొందరు వేడినీళ్ల గొట్టాలు, కొందరు కరెంటు తీగలు పరుస్తున్నారు. అడుగున వేడి దిగిపోకుండా ఒక అట్ట, పైన తీగ, ఆపైన జిగురు సిమెంటు, దానిమీద టైలు. చెక్కకన్నా టైలూ రాయీ వేడిని త్వరగా పైకి చేరవేస్తాయి గనుక వాటికిందే యిది బాగా పనికివస్తుంది.

మావారు రిటైరైన సైన్సు మాస్టారు. కాగితం, పెన్సిలు తీశారు. చదరపు మీటరుకు 150 వాట్లనుకుంటే, నూరు చదరపు అడుగుల గదికి సుమారు 1,400 వాట్లు. గంట వెలిగితే యూనిటున్నరకు కాస్త తక్కువ. మా యిన్వర్టరు ఆ బరువు మోయలేదు. పైగా పనికివచ్చేది రెండు నెలలు. మిగతా పది నెలలూ తీగ పాతిపెట్టిన సొమ్ము! లోపల యెక్కడైనా తెగితే మళ్లీ టైలు పగలగొట్టాలి. మేస్త్రీ తాపీ తగిలినా తెగుతుంది కాబట్టి టైలు వేయకముందూ, వేశాకా మీటరు పెట్టి చూడాలి. అలాంటి పని యెరిగిన మేస్త్రీ మా చుట్టుపక్కల మాకు దొరకలేదు.

"అయితే అమ్మనలా చలికి వదిలేద్దామా?" అని నేనే అడిగాను.

ఆయన మాట్లాడకుండా మర్నాడు వేకువను బండమీద ఒక థర్మామీటరు, పక్కనే పూజ పీటమీద ఒకటి పెట్టి, పైన గుడ్డ కప్పారు. కాసేపటికి చూస్తే రెండింటిలోనూ 19 డిగ్రీలే! కాలు పెట్టి చూస్తే బండ జివ్వుమంటోంది, పీట కాదు. "రాయి మన వొంటి వేడిని గబగబా లాగేస్తుంది, చెక్క లాగదు. అమ్మకు కావలసింది వేడి నేల కాదు, వేడి లాగని నేల" అన్నారు.

ఆ మాట వినగానే అత్తగారు, "దానికింత పరీక్షెందుకురా? కంబళి వేస్తే సరిపోతుంది. ఉన్నికి మైల లేదు" అనేశారు.

టైల్సు వేయించాం, గరుకు రకంవి. తీగలు వేయించలేదు. మంచం దగ్గర్నుంచి స్నానాలగదికి, అక్కడినుంచి దేవుడి గదికి గొర్రెబొచ్చు కంబళి పట్టీలు కుట్టించి, జారకుండా అడుగున రబ్బరు అతికించాం. కూర్చునేందుకు వెడల్పాటి పీట చేయించాం.

అబ్బాయికి చెప్పడమే కష్టమైంది. వేల మైళ్ల దూరాన వున్నవాడు అవ్వకోసం యేదో చేద్దామనుకున్నాడు, వద్దంటే చిన్నబుచ్చుకోడూ? అత్తగారే ఫోను అందుకుని, "తీగలు వద్దు నాయనా, కంబళి డబ్బులు నువ్వు పంపు" అన్నారు. ఆ సాయంత్రమే పంపాడు.

యిప్పుడు ఆరున్నరకల్లా మాత్ర పడుతోంది. యింటికొచ్చిన పేరంటాళ్లతో ఆవిడ టైల్సు మాటే యెత్తరు. కంబళి చూపించి, "యిది మా మనవడు వేయించిన నేల" అంటారు.