సాత్విక్ సరే, నెట్ దగ్గర ఎవరండీ?

  మా కొత్తపేటలో సాయంత్రంపూట నలుగురు చేరితే షటిల్ ఆట మాట రాకుండా ఉండదు. ఆ మాట వచ్చాక అమలాపురం కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ పేరు రాకుండా ఉండదు. ఆ పేరు వచ్చిందంటే ఇక స్మాష్ సంగతే. 2023 ఏప్రిల్‌లో జపాన్‌లో, వేగం కొలవడానికని ప్రత్యేకంగా పెట్టిన పరీక్షలో, ఆ అబ్బాయి కొట్టిన దెబ్బ గంటకు 565 కిలోమీటర్లు వెళ్లిందని గిన్నిస్ వాళ్లు నమోదు చేసుకున్నారు. ఆ అంకె మా దగ్గర బడి పిల్లలకి కూడా కంఠతా వచ్చు. రావాలి కూడానండీ. మన గోదావరి నీళ్లు తాగి పెరిగిన చెయ్యి అది.

నా మనసులో ఉన్నది మాత్రం ఆ దెబ్బ గురించి కాదు. ఆ దెబ్బ కొట్టే అవకాశం రావాలంటే ముందు నెట్ దగ్గర ఒకడుండాలి కదా, వాడి గురించి. ఇంకా చెప్పాలంటే, సాత్విక్, చిరాగ్ శెట్టిల తర్వాత మన దేశానికి రెండో జోడీ ఏదీ అన్నదాని గురించి. పైకి ఇవి రెండు విషయాల్లా కనిపిస్తాయి. నాకు మాత్రం రెండూ ఒకటే. వెనక నుంచి కొట్టేవాళ్లు మనకి బోలెడుమంది ఉన్నారు. ముందు నిలబడి ఆట అల్లేవాళ్లే లేరు. వాళ్లు లేకపోబట్టే రెండో జోడీ కుదురుకోవడం లేదు.

రెండో జోడీ ఎందుకంటారా? పురుషుల జట్లు పోటీపడే థామస్ కప్ సంగతి మీకు తెలియంది కాదు. ఒక పోరులో మూడు సింగిల్స్, రెండు డబుల్స్. ఎవరు మూడు గెలిస్తే వాళ్లదే పోరు. 2022 మే నెలలో బ్యాంకాక్‌లో మనం ఆ కప్పు మొదటిసారి గెలిచాం. ఫైనల్లో ఇండోనేషియాని 3-0తో ఓడించాం కాబట్టి అందరికీ అదే గుర్తు. దానికి ముందు రెండు రాత్రులు ఎలా గడిచాయో గుర్తు చేసుకోండి. క్వార్టర్స్‌లో మలేషియా మీద 3-2. సెమీస్‌లో డెన్మార్క్ మీద 3-2. రెండు చోట్లా సాత్విక్, చిరాగ్ గెలిచారు, సింగిల్స్‌లో శ్రీకాంత్ గెలిచాడు. రెండు చోట్లా సింగిల్స్‌లో లక్ష్య సేన్ ఓడాడు, రెండో డబుల్స్ కూడా పోయింది. రెండు చోట్లా పోరు చివరి సింగిల్స్ దాకా వచ్చి ప్రణయ్ నెత్తిన పడింది. డెన్మార్క్ మీద ఆడుతూ ప్రణయ్ జారిపడి చీలమండ నొప్పి చేసి, మొదటి గేము పోగొట్టుకుని, తర్వాత రెండూ గెలిచి మనల్ని గట్టెక్కించాడు. అంత బరువు ప్రతిసారీ ఒక్కడి కాలి మీద పెట్టడం జట్టు కూర్చేవాళ్ల పని కాదండీ.

అప్పుడు రెండో డబుల్స్ ఆడినవాళ్లు కృష్ణప్రసాద్ గరగ, విష్ణువర్ధన్ గౌడ్ పంజాల. ఇద్దరూ మన తెలుగువాళ్లే. వాళ్లని తప్పు పట్టడానికి ఈ మాట ఎత్తలేదు సుమండీ. 2021లో ఫ్రాన్స్‌లో ఓర్లియన్స్ మాస్టర్స్ ఫైనల్ దాకా వెళ్లిన జోడీ అది. ప్రపంచంలో నిలదొక్కుకున్న ఆటగాళ్ల మీద ఆడవలసి వచ్చింది, చిన్నవాళ్లు, ఓడారు. నన్ను బాధ పెట్టేది ఆ తర్వాత జరిగింది. ఆ జోడీ నిలవలేదు. కృష్ణప్రసాద్, సాయి ప్రతీక్‌తో ఆడాడు. తర్వాత సాయి ప్రతీక్, పృథ్వీ కృష్ణమూర్తి రాయ్‌తో కలిశాడు. ఆ కప్పు జట్టులోనే ఉన్న ఎం.ఆర్. అర్జున్, ధ్రువ్ కపిల కూడా విడిపోయారు. ధ్రువ్ ఇప్పుడు తనీషా క్రాస్టోతో మిక్స్‌డ్ ఆడుతూ 2025 ప్రపంచ పోటీల్లో క్వార్టర్స్ దాకా వెళ్లాడు. అర్జున్, హరిహరన్‌తో కలిసి అదే ఏడాది అల్ ఐన్ మాస్టర్స్ టైటిల్ గెలిచాడు. ఎవరికివారు పైకి రావాలనే పాటుపడుతున్నారు. కానీ చూడండి, ప్రతి జోడీ మళ్లీ ఓనమాల దగ్గర మొదలవుతోంది.

డబుల్స్‌లో ఆ ఓనమాలు ఏమిటో కొంచెం చెప్పనివ్వండి, ఎందుకంటే టీవీలో చూసేటప్పుడు మన కన్ను ఎప్పుడూ కొట్టేవాడి మీదే ఉంటుంది. సర్వీసు నెట్ మీద వెంట్రుకవాసిలో దాటాలి. దాటిన క్షణంలోనే సర్వీసు చేసినవాడు రెండడుగులు ముందుకేసి బ్యాటు భుజం ఎత్తున పట్టుకుని నిలబడాలి. ఎదుటివాడు షటిల్‌ని నెట్ దగ్గర మెత్తగా వేద్దామంటే అక్కడ వీడున్నాడు. మధ్యలోంచి బల్లపరుపుగా కొడదామంటే అక్కడా వీడే ఉన్నాడు. ఇక దారిలేక పైకి లేపుతాడు. అలా లేపాక గానీ వెనకున్న సాత్విక్‌కి చెయ్యెత్తే వీలు రాదు. అంటే ప్రత్యర్థి చేత షటిల్‌ని లేపించేవాడు ముందువాడు. స్మాష్ తిరిగొస్తే దాన్ని సగం దారిలో నరికేసేవాడూ వాడే. బాల్ బ్యాడ్మింటన్ ఆడిన మన పెద్దవాళ్లకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. పసుపు ఉన్ని బంతితో జట్టుకి అయిదుగురు చొప్పున ఆడే ఆట అది. ముందు ఎవరు, నడుమ ఎవరు, వెనక ఎవరు అన్నది తేల్చుకోకుండా కోర్టులో కాలు పెట్టేవారు కాదు. 1970లో ఆ ఆటకి అర్జున అవార్డు తెచ్చిన వరంగల్ పిచ్చయ్యగారి పేరు మా పెద్దవాళ్లు ఇప్పటికీ గౌరవంగా తలుస్తారు.

ఇప్పుడు మన జంట సంగతికి వస్తాను. 2016లో మలేషియా కోచ్ టాన్ కిమ్ హర్ సాత్విక్‌ని, ముంబై కుర్రాడు చిరాగ్‌ని ఒకచోట చేర్చాడు. అప్పటిదాకా సాత్విక్ జోడీ ఎవరనుకుంటున్నారు? ఇందాక చెప్పానే, ఆ కృష్ణప్రసాదే. చిరాగ్ ఆడింది అర్జున్‌తో. కుదిరిన రెండు జోడీలని విడదీసి, ఇద్దరు పొడుగువాళ్లని, ఇద్దరూ వెనక నుంచి కొట్టేవాళ్లని పక్కపక్కన పెట్టాడు ఆయన. ఇద్దరూ కొట్టేవాళ్లే అయితే ముందు ఎవరుండాలి? ఆ కుర్రాళ్లకే మొదట్లో నమ్మకం కుదరలేదు. క్రమంగా చిరాగ్ ముందుకి రావడం నేర్చుకున్నాడు. సర్వీసు, సర్వీసు తీసుకోవడం, నెట్ దగ్గర చురుకు, ఇవన్నీ పనిగట్టుకుని సాధన చేసి తెచ్చుకున్నాడు. సాత్విక్ కూడా తక్కువేం కాదు, ఆ పొడుగుతో వంగి నెట్ దగ్గర అతను వేసే సర్వీసు చూడండి ఒకసారి.

ఇలాంటి సర్దుబాటు ఈ ఆటకి ఒక్కదానికే లేదండీ. అమెరికావాళ్ల బేస్‌బాల్‌లో బ్యాటు పట్టినవాడికి దగ్గరగా, ఇన్‌ఫీల్డ్ అనే చోట, నలుగురు కాపు కాస్తారు. అందులో షార్ట్‌స్టాప్ స్థానం బహు కష్టమైనది. 2004లో అలెక్స్ రోడ్రిగెజ్ న్యూయార్క్ యాంకీస్ జట్టుకి వచ్చేసరికి ఆ స్థానంలో డెరెక్ జీటర్ పాతుకుపోయి ఉన్నాడు. రోడ్రిగెజ్ అప్పటికి రెండేళ్లు వరసగా ఆ స్థానంలో ఉత్తమ ఫీల్డరుగా గోల్డ్ గ్లవ్ బహుమతి తీసుకున్నవాడు. అయినా పక్కకి జరిగి మూడో బేస్ దగ్గర నిలబడ్డాడు. 2009లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. అక్కడ అయిదేళ్ల తర్వాత ఏ చోట ఎవరుండాలన్నది ఇప్పటినుంచే వాదించుకుంటారు, కింది స్థాయి జట్లలో కుర్రాళ్లని ఆ చోటు కోసమే పెంచుతారు. నాకు ఆ పద్ధతి నచ్చింది. మనం చిరాగ్‌ని ముందుకి తెచ్చుకున్నాం గానీ, ముందు ఆడేవాణ్ణి చిన్నప్పటినుంచీ పెంచుకోలేదు.

పైగా ఆ తెచ్చుకోవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 2018 కామన్వెల్త్‌లో రజతం, 2019లో థాయ్‌లాండ్ ఓపెన్, 2022లో థామస్ కప్, కామన్వెల్త్ స్వర్ణం, ప్రపంచ పోటీల్లో కాంస్యం. 2023లో ఆసియా ఛాంపియన్లు, ఆసియా క్రీడల స్వర్ణం, అక్టోబరుకి ప్రపంచంలో నంబర్ వన్. ఆ ఏడాది ఇండోనేషియా ఓపెన్ ఫైనల్లో ఓడించిన మలేషియా జోడీ ఆరన్ చియా, సో వూయ్ యిక్ చేతిలో అంతకుముందు ఎనిమిదిసార్లు ఆడి ఎనిమిదిసార్లూ ఓడారు మనవాళ్లు. ఎనిమిది ఓటముల తర్వాత కూడా ఆ ఇద్దరినీ విడదీయలేదు కాబట్టే తొమ్మిదోది మనదైంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అదే జోడీ మనల్ని ఇంటికి పంపింది. మరుసటి ఏడాది అదే పారిస్‌లో, ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో, మనవాళ్లు వాళ్లని వరస గేముల్లో గెలిచి పతకం ఖాయం చేసుకున్నారు.

కలిసి ఆడిన కాలానికి ఎంత విలువో చెప్పడానికి ఆ థామస్ కప్ ఫైనలే చాలు. అవతల ఇండోనేషియా తరఫున మహమ్మద్ అహ్సాన్, కెవిన్ సుకముల్జో. కెవిన్‌ని మించి నెట్ దగ్గర ఆడినవాణ్ణి ఈ కాలంలో నేను చూడలేదు. అహ్సాన్ అనుభవం సంగతి సరేసరి. కానీ కెవిన్ మామూలు జోడీ మార్కస్ గిడియన్ గాయంతో లేడు, వీళ్లిద్దరినీ ఆ పోటీకి కలిపారు. మనవాళ్లు మొదటి గేము 18-21తో పోగొట్టుకుని, రెండోది 23-21తో ఓటమి అంచునుంచి లాక్కుని, మూడోది 21-19తో గెలిచారు.

మీరు ఎదురు ప్రశ్న వేస్తారని తెలుసు. మరి కొరియా సంగతేమిటండీ అంటారు. నిజమే. సియో సుంగ్‌జే 2023లో కాంగ్ మిన్‌హ్యుక్‌తో కలిసి ప్రపంచ ఛాంపియన్. ఆ జోడీని పక్కనపెట్టి 2025 మొదట్లో సియోని కిమ్ వోన్‌హోతో కలిపారు. ఆ ఏడాది వాళ్లిద్దరూ ప్రపంచ టైటిల్ సహా పదకొండు టైటిళ్లు గెలిచారు. విడదీస్తే మేలు జరిగిందిగా అని మీరనొచ్చు. కానీ అక్కడ విడదీయడానికి ధైర్యం ఎక్కడినుంచి వచ్చింది? వాళ్లకి అదే స్థాయివాళ్లు ఇంకో ఇద్దరు ముగ్గురు సిద్ధంగా ఉన్నారు. పైగా సియో, కిమ్ కుర్రతనంలో కలిసి ఆడినవాళ్లే. మన దగ్గర సాత్విక్‌ని చిరాగ్ నుంచి విడదీసి ఎవరి పక్కన పెడతారు? ఒక్క పేరు చెప్పండి. చెప్పలేకపోవడమే నా బెంగ.

2028 జులైలో లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్ నాటికి సాత్విక్‌కి 27 దాటి 28 వస్తూ ఉంటుంది. చిరాగ్‌కి 31 నిండుతాయి. ఇద్దరికీ ఆడే వయసే. మధ్యలో సాత్విక్ భుజం ఇబ్బంది పెట్టింది, 2024లో ఆసియా పోటీలు వదులుకోవలసి వచ్చింది. 2025 ఫిబ్రవరిలో అతని తండ్రి కాశీ విశ్వనాథంగారు కన్నుమూశారు. అమలాపురంలో కొడుకు చేత మొదట బ్యాటు పట్టించిన వ్యాయామ ఉపాధ్యాయుడు ఆయన. అంత దుఃఖం తర్వాత కూడా ఆ అబ్బాయి అదే ఏడాది ప్రపంచ పోటీల్లో కాంస్యం తెచ్చాడు, హాంకాంగ్ ఓపెన్, చైనా మాస్టర్స్ ఫైనల్స్ ఆడాడు. టాన్ కిమ్ హర్ కూడా 2025లో మళ్లీ మన జట్టుకి వచ్చారు. కాబట్టి లాస్ ఏంజెలిస్ దాకా ఈ జోడీని కదపవద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. సాత్విక్ ఒకప్పుడు అశ్విని పొన్నప్పతో మిక్స్‌డ్ కూడా బాగా ఆడాడు, 2021లో థాయ్‌లాండ్‌లో సెమీస్ దాకా వెళ్లారు. ఆ భారం మళ్లీ ఆ భుజం మీద పెట్టవద్దు.

రెండో జోడీ విషయంలో మాత్రం నేను కొంచెం గట్టిగానే మాట్లాడతాను. ప్రతి పెద్ద పోటీకి ముందు ఎంపిక ఆటలు పెట్టి, ఆ వారం ఎవరు గెలిస్తే వాళ్లని పంపడం సింగిల్స్‌కి సరిపోతుంది. డబుల్స్‌కి చాలదు. ఒక జోడీని ఎంచుకుని, మొదటి ఆర్నెల్లు ఓడినా సరే, రెండేళ్లు కలిపి ఉంచాలి. అందులో ఒకడు ముందు ఆడడానికే పుట్టినవాడై ఉండాలి. ఇప్పుడున్న పెద్దవాళ్లలో అర్జున్, హరిహరన్‌లకి ఆ రెండేళ్లూ ఇస్తాను. వాళ్ల వెనక కుర్రాళ్లలో భార్గవ్ రామ్ అరిగెల, విశ్వతేజ్ గొబ్బూరు మీద నా కన్నుంది. 2025 అక్టోబరులో గువాహటిలో ప్రపంచ జూనియర్ మిశ్రమ జట్టు పోటీల్లో మనకి మొదటిసారి పతకం, కాంస్యం, వచ్చింది. ఆ జట్టులో ఆడిన జోడీ వీళ్లది. మన తెలుగు పిల్లలు. జూనియర్లలో కుదిరిన జోడీలు పెద్దల ఆటలోకి వచ్చాక చెదిరిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. వీళ్లనైనా చెదరనివ్వకూడదు.

ఇక మన ఊళ్ల సంగతి. రావులపాలెం నుంచి అమలాపురం దాకా ఇప్పుడు ఇండోర్ కోర్టుల్లో పిల్లలు ఆడుతున్నారు, సంతోషం. కానీ వాళ్లు ఆడేది చూడండి. వచ్చిన ప్రతి షటిల్‌కీ వెనక్కి పరిగెత్తి గాల్లోకి ఎగురుతారు. పొట్టిగా, చురుగ్గా ఉన్న పిల్లవాడు స్మాష్‌లో బలం చాలక ఏడాదికల్లా విసిగి మానేస్తాడు. నిజానికి మనకి కావలసినవాడు వాడే. కెవిన్ ఏమంత పొడుగు మనిషి కాదు. అలాంటి పిల్లవాణ్ణి పట్టుకుని, ఒక బుట్టెడు షటిల్స్ పక్కన పెట్టుకుని, వరసగా నెట్ మీదకి వేస్తూ రోజూ ఒక గంట ఆడించాలి. ఈకల షటిల్ ధర చుక్కల్లో ఉందని తెలుసు. ఈ సాధనకి కొత్తవి అక్కర్లేదండీ, పెద్దవాళ్లు ఆడి పక్కన పడేసినవి చాలు.

సంక్రాంతికి ప్రభల తీర్థం సందడితో పాటు మా వైపు షటిల్ టోర్నమెంట్లు పెడుతూ ఉంటారు. మీ ఊళ్లోనూ పెడతారేమో. పెట్టేవాళ్లు మీకు తెలిసినవాళ్లయితే నా మాటగా ఒకటి అడగండి. గెలిచినవాళ్లకి, ఓడినవాళ్లకి ఇచ్చే కప్పులు ఎలాగూ ఉంటాయి. దానికి తోడు పదిహేనేళ్లలోపు పిల్లల డబుల్స్‌లో నెట్ దగ్గర బాగా ఆడినవాడికి విడిగా ఒక బహుమతి పెట్టమనండి. పెద్దదేం అక్కర్లేదు, ఒక మంచి బ్యాటు చాలు. ఈసారి కొత్తపేటలో ఆ బ్యాటు నేనే ఇస్తానని నిర్వాహకులకి చెప్పి ఉంచాను.